బాపు పేరు మీది గోలీలు

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్లూ ఆయనకు ఒకే ఒక్క జబ్బు. మూత్రంలో మంట. అది వైశాఖంలో మొదలయ్యేది, జ్యేష్ఠం దాకా ఎగదన్నేది, ఆషాఢం రాగానే చల్లారేది. మళ్లీ శ్రావణంలో లేచేది. మూఢం నడిచే రోజుల్లో మాత్రం మనిషి గుండ్రాయిలా ఉండేవాడు. పెండ్లి ముహూర్తాలను బట్టి రగిలే ఈ రోగానికి వైద్యశాస్త్రం ఇంకా పేరు పెట్టలేదు గానీ, గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసంతా దాన్ని ఎరిగినదే.

బాయిపనికి చెప్పకుండా మానేస్తే అది నాగా. నాగా పెడితే జీతం తెగుతుంది, పైనుంచి దొర ముందు నిలబడి తిట్లు తినాలి. లీవు అడిగితే "గిప్పుడే గావాల్నా నీకు?" అంటాడు. దవాఖానకు పోయి రోగమని రాయించుకుని సిక్కులో పడితే మాత్రం ఎవరూ ఏమీ అనలేరు. కాబట్టి చుట్టాల పెండ్లికి పోవాలంటే ముందు రోగం రావాలి. ఈ విషయంలో మా బాపు చాలా పరిశోధన చేశాడు. జ్వరం అంటే నోట్లో థర్మామీటరు పెడతారు, అది చాడీ చెబుతుంది. మోకాలి నొప్పి అంటే డాక్టరు నొక్కి చూస్తాడు. ఒకసారి నొప్పి ఏ కాలికని చెప్పాడో మరిచిపోయి రెండో కాలికి "అబ్బా" అన్నందుకు అదే రోజు రెండో షిఫ్టుకు దిగాల్సి వచ్చింది. విరేచనాలు అంటే "అదిగో బాత్రూం, పోయి రా, చూస్తా" అన్నారు. మంటకు మాత్రం సాక్ష్యం అక్కర్లేదు. అది ఉందో లేదో పోసేవాడికీ పైవాడికీ మాత్రమే తెలుసు. పరీక్షకు రాసిస్తే "ఇప్పుడు వస్తలేదు సార్, రేపు తెస్త" అని చెప్పి వచ్చేవాడు. మర్నాడు ఆయన ఏ మంచిర్యాల పందిట్లోనో కూర్చుని, మటన్‌లో మూలుగ బొక్క కోసం వడ్డించేవాళ్లతో కొట్లాడుతూ ఉండేవాడు.

పొద్దున్నే నడుం మీద చెయ్యి వేసుకుని "ఏమే, మంట లేస్తున్నదే" అనగానే, పొయ్యి ముందున్న మా అమ్మ వెనక్కి కూడా తిరగకుండా "ఎవరి లగ్గమయ్యా?" అని అడిగేది. చీర తీసి పెట్టుకోవాలి కదా.

ఆ డాక్టర్లను నేను తప్పు పట్టను. మీసమున్న మనిషి కళ్లనీళ్లు పెట్టుకుని "నిప్పు పోసినట్టున్నది సార్" అంటే ఎవరైనా ఏం చేస్తారు? యాంటీబయాటిక్ గోలీలు రాసేవారు. రోగం అబద్ధమైనా గోలీలు మాత్రం అసలైనవి. వాటిని బాపు భద్రంగా ఇంటికి తెచ్చేవాడు, అమ్మ వాటిని పాత బిస్కెట్ల డబ్బాలో వేసి చింతపండు పక్కన పెట్టేది. ఒక్కో పెండ్లికి ఒక్కో పట్టీ. మా చుట్టాలు పెద్ద వంశం, డబ్బా ఎన్నడూ అడుగంటలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా అమ్మకు నిజంగానే మంట ఉండేది.

నల్లా నీళ్లు పొదుపుగా వాడే ఇల్లు. బయటికి పోతే తిరిగి ఇల్లు చేరేదాకా ఆపుకునే అలవాటు. పెండ్లిళ్లలో, జాతరల్లో, బస్టాండుల్లో ఆడదానికి చోటెక్కడిది? అలా ఆపుకుని ఆపుకుని మంట తెచ్చుకునేది. కానీ ఆ మాట మగ డాక్టరు ముందు అనడం ఆమె వల్ల కాదు. ఇంత విడ్డూరం నేను మరెక్కడా చూడలేదు. ఆయన లేని మంటను నలుగురిలో ఏడ్చి మరీ చెప్పేవాడు. ఆమె ఉన్న మంటను కట్టుకున్న వాడికి కూడా చెప్పేది కాదు. ఊరికే డబ్బా మూత తీసి ఒక గోలీ వేసుకునేది. తగ్గకపోతే రేపు ఇంకొకటి. తగ్గిందా, మిగతావి మళ్లీ డబ్బాలోకి.

"మొత్తం కోర్సు వాడాలమ్మా" అని నేను మొత్తుకుంటే, "తగ్గినంక గూడ మింగుమంటవా? బువ్వ తిన్నంక మళ్ల తింటమా?" అనేది.

చెప్పడం మరిచాను, నేను ఇక్కడే ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ పాఠాలు చెబుతాను. బ్యాక్టీరియా ఎంజైములతో యాంటీబయాటిక్‌లను ఎలా చెడగొడుతుందో పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పడం నా బతుకుతెరువు. పిల్లలు దాన్ని బట్టీ పట్టి, పరీక్ష రాసి, సాయంత్రం జలుబు చేస్తే మెడికల్ షాపుకు పోయి "అన్నా, ఏదన్న హై డోసు ఇయ్యి" అని అడుగుతారు. పాఠం ఎంత బాగా చెబుతున్నానో నాకు అప్పుడే తెలుస్తుంది.

అదే పాఠం ఒకసారి వంటింట్లో మా అమ్మకు చెప్పాను. మందు అణువులో ఒక చిన్న కడియం ఉంటుంది, బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడ కట్టుబడిని చెడగొట్టేది ఆ కడియమే. కొన్ని బ్యాక్టీరియాలు ఒక ఎంజైమును తయారుచేస్తాయి, అది ఆ కడియాన్ని పుటుక్కున తెంపేస్తుంది. తెగిన మందు సున్నపు పొడితో సమానం.

"అంటే కత్తెర లెక్కనా?" అంది అమ్మ.

"ఆ, కత్తెరే."

"కంటికి కనపడని పురుగుకు కత్తెర ఎవరిచ్చిండ్రే?"

"ఎవరూ ఇయ్యలె" అన్నాను. "కొన్నిటికి కత్తెర ఎప్పటినుంచో ఉన్నదమ్మా. కత్తెర లేనియన్ని నువ్వు వేసే ఒక్క గోలీకి చస్తయి. ఉన్నయి మిగులుతయి. అవే పిల్లల్ని పెడతయి. నువ్వు సగం సగం మింగి కత్తెర ఉన్నదాన్నే సాదుతున్నవ్."

అంతే, గరిటె పొయ్యి గట్టు మీద ఠప్పున పడింది. "నేను మిమ్ముల సాదిన. పురుగుల్ని సాదిన అంటున్నవ్. నీకు చదువు ఎక్కువైంది, పో" అంది. ఆ పూట నాకు చారు పొయ్యలేదు.

ఇంకొకటి కూడా ఆమెకు చెప్పాలనుకుని చారు దక్కదని ఆపేశాను. ఈ కత్తెర చేసే విద్యను బ్యాక్టీరియా తన దగ్గరే దాచుకోదు. పక్కనున్న దానికి అంటుకుని దానికీ ఒక నకలు ఇచ్చేస్తుంది. అది వేరే జాతిదైనా ఫికర్ లేదు. అచ్చం మా క్వార్టర్ల పద్ధతే. మా వరుసలో గిన్నె ఖాళీగా తిరిగిపోదు. మేం ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దమ్మ సేమ్యా పంపితే, ఆ గిన్నెలో మా అమ్మ పచ్చి చింతకాయ తొక్కు వేసి పంపేది. ఖాలాకు ఒంట్లో బాగాలేదని తెలిస్తే తొక్కు మీద మూత, మూత మీద నాలుగు గోలీలు. "మా ఆయన పేరు మీదియి, కంపెనీయి, మంచియి" అని చెప్పి మరీ ఇచ్చేది. షాపులో కొన్న మందు మీద మా వాళ్లకు నమ్మకం తక్కువ. ఖాలా ఇంట్లో ఎవరెవరు మింగారో ఆ దేవుడికే ఎరుక.

బాపు రిటైరయ్యాక నేను ఆ డబ్బాను ఎత్తుకుపోయి మందులన్నీ పారబోయించాను. పెండ్లిళ్లకు ఇక సెలవు అక్కర్లేదు కాబట్టి మంట కూడా శాశ్వతంగా ఆరిపోయిందనుకున్నాను. "తేను బిడ్డా, నీ మీద ఒట్టు" అని బాపు నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. నేను నమ్మి జ్యోతినగర్‌లోని మా ఇంటికి పోయాను. ముప్పై ఏండ్లు డాక్టర్లను నమ్మించిన మనిషికి కన్నకూతురు ఒక లెక్కా?

పోయిన ఏడు వానలు వెనకబట్టినాక అమ్మకు చలిజ్వరం వచ్చింది. వణికి వణికి మంచం కదిలిపోయేదట. నడుం నొప్పి, వాంతులు. ఇంట్లో ఎంతసేపు ఓర్చుకుందో చెప్పరు. నేను పరీక్షల డ్యూటీ మీద కరీంనగర్‌లో ఉన్నాను. తిరిగొచ్చేసరికి బాపు కంపెనీ ఇచ్చిన తన వైద్యం కార్డు మీద ఆమెను కంపెనీ దవాఖానలో చేర్పించాడు.

అక్కడి డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చిన పిల్ల, ఓపిక ఉన్న మనిషి. చేర్చుకునేటప్పుడే అడిగింది. "అమ్మా, ఈ మధ్య యాంటీబయాటిక్ మాత్రలు ఏమైనా వాడారా?"

"లేదు మేడం, నేనేం వాడలె" అందట మా అమ్మ.

అది అబద్ధం కాదు, ఆమె లెక్కలో. మందు ఎవరి పేరు మీద రాస్తే వాళ్లు వాడినట్టు. ఆమె పేరు మీద ఎన్నడూ ఎవరూ ఏదీ రాయలేదు. మొగుడి పేరు మీది గోలీ ఆమె కడుపులో పడ్డా అది మొగుడి గోలీయే. రేషన్ కార్డు, క్వార్టర్, కరెంటు, అన్నీ ఆయన పేరు మీదనే నడిచిన ఇంట్లో ఇంకెట్లా ఆలోచిస్తుంది?

ఆ మాట పట్టుకుని డాక్టరమ్మ మామూలుగా ఇచ్చే ఇంజెక్షన్ మొదలుపెట్టింది. నేను పోయేసరికి అది ఎక్కుతూనే ఉంది, జ్వరం కూడా ఎక్కుతూనే ఉంది. అమ్మ కళ్లు మూసుకుని ఏదో గొణుగుతోంది, నన్ను గుర్తుపట్టలేదు. బీపీ జారుతోంది. మూత్రం, రక్తం కల్చర్‌కు పోయాయి గానీ బ్యాక్టీరియా పెరిగి జవాబు చెప్పేదాకా ఆగాలి. అంత సమయం మా అమ్మ దగ్గర ఉందో లేదో డాక్టరమ్మ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

"ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోయిందండీ. ఈ మందు పనిచేస్తున్నట్టు లేదు" అంది నాతో. "పెద్ద ఇంజెక్షన్ ఉంది. కానీ అది ఆఖరి ఆయుధం. ప్రతివాళ్లకూ మొదలుపెడితే రేపు అదీ పనికిరాకుండా పోతుంది. ఈ మధ్య ఈ జాతి మాత్రలు వాడి ఉంటే మాత్రం నేను ఇక ఆగను. నిజంగా ఏమీ వాడలేదా?"

పాత డబ్బా సంగతి చెప్పాను. "అది ఎప్పటి మాటండీ? ఈ మధ్య?" అంది. నాకు తెలియదు. తెలిసిన మనిషి మంచం కాళ్ల దగ్గర నిలబడి కిటికీలోంచి బయటి వేపచెట్టును చూస్తున్నాడు.

చెయ్యి పట్టి వరండాలోకి లాక్కొచ్చాను. "బాపూ, నా మీద ఒట్టేసినవ్. మళ్ల తెచ్చినవా?"

"మెల్లగ, మెల్లగ" అన్నాడు అటూ ఇటూ చూస్తూ.

"తెచ్చినవా లేదా?"

"బీపీ గోలీలకు పోయినప్పుడు ఊకెనే మంట అని గూడ చెప్పిన. ఊకెనే వచ్చే మందు ఎందుకు ఇడిసిపెట్టాలె? ఎందుకని చెప్పలె గానీ మీ అమ్మనే అడిగింది."

"మరి డాక్టరమ్మకు చెప్పనీకి ఏమైంది?"

ఆయన ఇంకా దగ్గరికొచ్చాడు. "కార్డు గుంజుకుంటరు బిడ్డా. దొంగ రోగాలు చెప్పిండని తెలిస్తే ఊకుంటరా? గీ మంచం, గీ సూదులు, అన్ని ఆ కార్డు మీదనే నడుస్తున్నయి. కార్డు పోతే మీ అమ్మను ఏడికి తీస్కపోవాలె?"

నాకు కోపంతో చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే ఏడుపు కూడా వచ్చింది, దాచడం ఎందుకు. ఈ మనిషి భయపడుతున్నది కూడా ఆమె కోసమే. ప్రేమ, భయం, మూర్ఖత్వం మూడూ కలిసి ఒకే చొక్కా వేసుకుని నా ముందు నిలబడి ఉన్నాయి.

"కార్డు ఉండి అమ్మ లేకపోతే, ఆ కార్డును ఏం జేస్కుంటవ్ బాపూ?" అన్నాను.

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకుని లోపలికి పోయాడు. డాక్టరమ్మ ముందు, ఒకప్పుడు దొర ముందు నిలబడ్డట్టే చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"మేడం, నాకు ఎన్నడు మంట లేకుండె."

ఆమెకు అర్థం కాలేదు. "ఇప్పుడు మీ సంగతి కాదండీ—"

"నా సంగతే మేడం. మా బామ్మర్ది లగ్గానికి మంట లేదు. మా చిన్నక్క బిడ్డ లగ్గానికి లేదు. మా మేనల్లుని లగ్గమప్పుడైతే మూడు దినాలు సిక్కుల ఉన్న, అప్పుడు గూడ లేదు..."

"పెద్దాయనా, ఆ పెండ్లిళ్లన్నీ నాకొద్దండీ! ఆవిడ ఏ మాత్ర మింగారు, ఎప్పుడు? అది చెప్పండి."

ఆయన చొక్కా జేబులోంచి ఒక పట్టీ తీశాడు. సగం చింపి ఉంది. అంతసేపూ అది ఆయన గుండె మీదనే ఉందన్నమాట. "గివి. పోయిన వారం దాక మింగింది. అంతకు ముందు గూడ. దసరా సంది ఎన్నిసార్లో నాకు ఎరుక లేదు."

డాక్టరమ్మ పేరు చదివింది. అమ్మకు ఎక్కుతున్న ఇంజెక్షన్, ఆ గోలీ, రెండూ ఒకే జాతి. ఒకదాన్ని తెంపగలిగిన కత్తెర రెండోదాన్నీ తెంపుతుంది. ఆమె తిట్టలేదు, కార్డు అడగలేదు. నర్సును పిలిచి పాత మందు తీయించి, పెద్ద ఇంజెక్షన్ పెట్టించింది. బాపు మాత్రం ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు, శిక్ష ఇంకా చదవలేదన్నట్టు.

కల్చర్ వచ్చినప్పుడు నేను ల్యాబుకు పోయి ఆ పళ్లెం చూశాను. పచ్చటి జెల్లీ మీద దట్టంగా పరుచుకున్న బ్యాక్టీరియా, మధ్యమధ్య మందు అద్దిన కాగితపు బిళ్లలు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం రావాలి. బాపు గోలీ జాతి బిళ్ల చుట్టూ వలయమే లేదు, బిళ్లను ఆనుకుని హాయిగా పెరిగాయి. ఆ మందుకే ఎంజైమును అడ్డుకునే మరో మందు కలిపిన బిళ్ల చుట్టూ మాత్రం చక్కగా వలయం వచ్చింది. అంటే అడ్డం పడుతున్నది కత్తెరే, ఇంకేదీ కాదు. ఏటేటా బోర్డు మీద నేను గీసే బొమ్మ. ఈసారి మా అమ్మ గీసింది.

న్యాయంగా చెప్పాలంటే, ఈ కత్తెర మా బాపు గోలీల వల్లనే వచ్చిందని నేను ఏ కోర్టులోనూ ప్రమాణం చెయ్యలేను. నీళ్లలో వస్తుంది, తిండిలో వస్తుంది, దవాఖానల్లోనూ అంటుకుంటుంది. కానీ వచ్చినదాన్ని ఇంట్లో కూర్చోబెట్టి మేపింది మాత్రం మేమే.

అమ్మ మెల్లగా తేరుకుంది. లేచి కూర్చుని జావ తాగుతుంటే అడిగాను. "ఏం వాడలేదని ఎట్ల చెప్పినవే?"

"నా పేరు మీద ఏమన్న ఉన్నదా? మీ బాపు పేరు మీదియి అవి" అంది.

"పురుగులకు పేరు చదువ రాదమ్మా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీ దగ్గర చదువుకునే పోరగాండ్లకు వస్తదా?" అంది. మనిషి బాగుపడిందని అప్పుడు నమ్మకం కుదిరింది. ఆ వేళకే ఖాలా గిన్నెలో షీర్ పాయసం తెచ్చింది. ఖాళీ గిన్నె తిరిగిస్తుంటే అమ్మ చెయ్యి అలవాటుగా దిండు కిందికి పోయింది. అక్కడ దాచిన గోలీలను నేను ముందే వెతికి తీసేశాను.

ఇది జరిగి కొన్ని నెలలైంది. మొన్నటి మూఢంలో నేను అమ్మావాళ్లింట్లో ఉన్నాను. పొద్దున్నే బాపు బాత్రూంలోంచి గోడ పట్టుకుని వచ్చాడు. తలుపు దగ్గరే ఆగి "ఏమే, మంట" అన్నాడు.

పొయ్యి ముందున్న అమ్మ వెనక్కి తిరగకుండానే, "ఎవరి లగ్గమయ్యా?" అంది.

ఆయన తలుపుకు ఆనుకుని మూలిగాడు. అప్పుడు తిరిగి చూసింది. ఆయన నుదుటి మీద చెమట పట్టి ఉంది. "మూఢంల లగ్గమేందే" అన్నాడు. ఏడవడానికి సిగ్గుపడుతున్న గొంతు అది.

పరీక్ష చేయించాం. ఆయన పళ్లెం కూడా నేను చూశాను. అదే బిళ్ల, ఈసారీ చుట్టూ వలయం లేదు. ఒకే ఇంట్లో ఉండే మనుషుల మధ్య బ్యాక్టీరియా ఎట్లా పంచుకుంటుందో నేను క్లాసులో చెబుతాను గనక ఆశ్చర్యపోకూడదు. మళ్లీ అదే దవాఖాన, అదే డాక్టరమ్మ, అదే పెద్ద ఇంజెక్షన్. ఆమె బాపు పాత రికార్డు తెప్పించుకుని పేజీలు తిరగేసింది. బాయిలో చేరిన కాలం నుంచి మొన్నటిదాకా ప్రతి పేజీలో మంటే. ఆమె పెదవులు బిగబట్టుకుని అడిగింది.

"ఇంతకు ముందు మీకు ఎప్పుడైనా ఇలా మంట వచ్చిందాండీ?"

"లేదు మేడం" అన్నాడు బాపు. "గిదే మొదటిసారి."

డాక్టరమ్మ రికార్డు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. బాపు తల వంచుకున్నాడు. పక్కన స్టూలు మీద కూర్చున్న మా అమ్మ లేచి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, డాక్టరమ్మకు చెప్పింది.

"నమ్మున్రి మేడం. గీసారి ఎవ్వరి లగ్గం లేదు."